బిల్లుతో పాటు ఒక్క కాగితం రాసివ్వండి

విజయవాడ, గుంటూరుల్లో లోగోలు గీసేవారికి, లేబుళ్లు డిజైన్ చేసేవారికి, డీటీపీ సెంటర్లు నడిపేవారికి, వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చేవారికి గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పచ్చళ్ల వ్యాపారి రాస్తున్న బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

మీలో చాలామందిది మా పిల్లల వయసు. కొందరిది మా తమ్ముళ్ల వయసు. మీ దగ్గర పని చేయించుకున్నదాన్నే తప్ప మీ పని తెలిసినదాన్ని కాదు. అయినా ఏడాదిగా నా ఆలోచన అంతా మీ పని చుట్టూనే తిరుగుతోంది. దాని గురించి చట్టం ఏం చెబుతుందో అడిగి తెలుసుకుంటూ వచ్చాను. తెలిశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాను. మొదలుపెట్టి ఏడేళ్లయింది. గోంగూర, పండుమిరప, అల్లం, ఉసిరి పచ్చళ్లు. కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం. మొదట్లో మా వీధిలో వాళ్లకే ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆరుగురం ఆడవాళ్లం కలిసి చేస్తున్నాం, హైదరాబాద్‌కీ బెంగళూరుకీ పార్సిళ్లు వెళ్తున్నాయి. వ్యాపారానికి మా అత్తగారి పేరు పెట్టుకున్నాం. ఉప్పు ఎంత, కారం ఎంత, నూనె ఎప్పుడు పోయాలి, అన్నీ ఆవిడ నేర్పినవే. రోట్లో పచ్చడి నూరుతున్న ఆవిడ చెయ్యి, మట్టి గాజులతో సహా, మా లోగో.

ఆ లోగో గీసింది అరండల్‌పేటలో ఒక కుర్రాడు. మూడు వేల ఐదు వందలు ఫోన్‌పేలో పంపాను. వాట్సాప్‌లో బొమ్మ వచ్చింది, ప్రెస్సుకి ఇవ్వాల్సిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. అంతే. కాగితం అడగాలని నాకు తెలియదు, ఇవ్వాలని ఆ అబ్బాయికీ తెలియదు. తర్వాత రెండేళ్లకు వెబ్‌సైట్ చేయించాం. ఫోటోలు మా మేనల్లుడు తీశాడు. పచ్చళ్ల గురించి రాసిన మాటలన్నీ నావి, రాత్రిళ్లు పని అయ్యాక కూర్చుని రాసుకున్నవి.

పోయిన ఏడాది శ్రావణంలో హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “మీ మాగాయ బూజు పట్టిందమ్మా, ఇలాంటిది పంపిస్తారా?” అని కోపంగా అడిగారు. మేం మాగాయ చేయనే చేయం. ముక్కలు ఎండబెట్టడానికి మా డాబా సరిపోదు. సీసా ఫోటో పంపమన్నాను. పంపారు. అదే రోలు, అదే చెయ్యి, అవే గాజులు. పేరులో ఒక్క ఒత్తు తేడా. వాళ్ల సైటు తెరిచి చూస్తే మా ఫోటోలు ఉన్నాయి, నా వాక్యాలు ఉన్నాయి. “గోంగూర కోసిన రోజే వేయించాలి, తెల్లారితే పులుపు మారిపోతుందని మా అత్తగారు చెప్పేవారు” అని నేను రాసిన మాట కూడా అలాగే ఉంది. మా అత్తగారు పోయి అప్పటికి మూడేళ్లు. ఆవిడ మాట మరొకరి అత్తగారి మాటగా కనిపిస్తుంటే ఆ పూట అన్నం ముట్టలేకపోయాను.

మర్నాడు కోర్టు దగ్గర ఉండే ఒక లాయర్ గారిని కలిశాను. అంతా విని, “ఈ లోగో మీదేనని ఏం చూపిస్తారు?” అన్నారు. ఫోన్‌పే రసీదు చూపించాను. ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. “ఇది మీరు డబ్బు ఇచ్చినట్టు చూపిస్తుందమ్మా, బొమ్మ మీదైనట్టు చూపించదు.”

డబ్బు ఇచ్చి చేయించుకున్నది నాది కాకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ గీసినవారే ఆ బొమ్మకు మొదటి యజమాని. జీతానికి పనిచేసే ఉద్యోగి ఆ ఉద్యోగంలో భాగంగా గీస్తే హక్కు సంస్థది. మీలో సొంతంగా పనిచేసేవారు, అంటే ఆర్డర్ తీసుకుని గీసిచ్చేవారు, నా ఉద్యోగులు కారు. కాబట్టి వేరే ఒప్పందం లేకపోతే నేను ఎంత డబ్బిచ్చినా ఆ బొమ్మ మీదే. ఫోటో సంగతి మళ్లీ వేరు. ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే మాట అనుకోకపోతే, దాని హక్కు తీయించుకున్నవారిది అవుతుంది. మా మేనల్లుడికి నేను పైసా ఇవ్వలేదు, పులిహోర పెట్టి పంపాను. అందుకని ఫోటోలు వాడివి. వెబ్‌సైట్ కోసం ఎవరైనా కొత్తగా కోడ్ రాస్తే అదీ చట్టం దృష్టిలో సాహిత్య రచన కిందకే వస్తుంది, రాసినవారిదే అవుతుంది. ఇదంతా విన్నాక నా సైటులో నిక్కచ్చిగా నాది అని చెప్పుకోగలిగినవి నేను రాసుకున్న మాటలు మాత్రమే అని తేలింది.

హక్కు చేతులు మారాలంటే ఒకటే దారి. 19వ సెక్షన్ ప్రకారం దాన్ని రాతలో పెట్టి, హక్కు ఇచ్చేవారు సంతకం చేయాలి. నోటిమాట చెల్లదు. రాసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. ఎంతకాలానికి అన్నది రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, కాగితంలో మరోలా రాసుకుంటే తప్ప, అది తిరిగి పోతుంది కూడా. మీరు గీసిన బొమ్మ మీద కాపీరైట్ మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అంత ఆయుష్షు ఉన్న ఆస్తిని మనం వాట్సాప్ మెసేజ్‌తో ఇచ్చిపుచ్చుకుంటున్నాం. సెంటు స్థలం కొంటే ఎన్ని కాగితాలు చూస్తాం?

మా మేనల్లుణ్ని పిలిచి కాగితం ముందు పెట్టాను. “అత్తా, నీ ఫోటోలకు నేను సంతకం పెట్టాలా?” అని ఆశ్చర్యపోయాడు. చదివి పెట్టాడు. నా మాటలకూ ఆ ఫోటోలకూ కలిపి లాయర్ గారు అవతలివాళ్లకు నోటీసు పంపారు. ఇతరుల సైట్లను, పోస్టులను నెట్‌లో ఉంచే మధ్యవర్తి సంస్థలకు సరైన వివరాలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 36 గంటల్లోపు ఆ కాపీని కనపడకుండా చేయాలని 2013 నాటి కాపీరైట్ నిబంధనల్లో ఉంది. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు మళ్లీ తెరవొచ్చు. మా విషయంలో అంతదాకా పోలేదు, లాయర్ నోటీసు అందగానే అవతలివాళ్లే మాటలూ ఫోటోలూ తీసేశారు.

రోలూ చెయ్యీ మాత్రం తీయలేదు. మీ దగ్గర కాగితం ఉందా అని వాళ్ల లాయర్ తిరిగి అడిగారు.

అరండల్‌పేట అబ్బాయి కోసం వెతికాను. బెంగళూరు వెళ్లిపోయాడట. నంబరు సంపాదించి ఫోన్ చేస్తే పాపం, చాలా బాధపడ్డాడు. “అక్కా, నేను ఎవరికీ అమ్మలేదు, ఒట్టు” అన్నాడు. సంతకం వెంటనే పెడతానన్నాడు. కాసేపు ఆగి, “కానీ ఒక మాట, ఆ రోలు నేను గీసింది కాదక్కా” అన్నాడు. చెయ్యి, గాజులు, పేరు రాసిన తీరు అతనివి. రోలు బొమ్మ మాత్రం నెట్‌లో దొరికే ఒక బొమ్మల కట్టలోంచి తీసి రంగు మార్చాడు. ఆ కట్ట ఎవరిదో, దాన్ని వ్యాపారానికి వాడొచ్చో లేదో అతను చూడలేదు. తనది కానిదాన్ని అతను నాకు ఎలా రాసివ్వగలడు? అవతలివాళ్లు కూడా, “మేం రోలు అక్కడినుంచే తీసుకున్నాం” అంటే నేనేం మాట్లాడగలను?

ఈ మాట మీ అందరితో గట్టిగా చెప్పాలనే ఉత్తరం మొదలుపెట్టాను. బొమ్మల కట్టలు వాడుకోవడం తప్పని నేను అనడం లేదు. పెళ్లి శుభలేఖకో పండగ ఆఫర్ల కరపత్రానికో వాడండి, వాడుకునే షరతులు చూసుకుని. లోగో అలాంటిది కాదు. సీసా మీద, సంచీ మీద, బోర్డు మీద ఏళ్ల తరబడి నిలిచి, జనం దాన్ని చూసే మమ్మల్ని గుర్తుపట్టాలి. అందులో పదిమందికి దొరికే ముక్క ఒక్కటున్నా ఆ ముక్కను ఎవరికీ వద్దని చెప్పలేం. కాబట్టి లోగో ఇచ్చేటప్పుడు ఏది మీరు గీశారో, ఏది ఎక్కడినుంచి తెచ్చారో, దాని లైసెన్సు ఏమిటో నాలుగు వాక్యాల్లో రాసివ్వండి. ఏఐతో చేయించిన బొమ్మ అయితే అదీ చెప్పండి. మేం కోప్పడం. తెలిసి నిర్ణయం తీసుకుంటాం.

అక్షరాల విషయంలోనూ ఇదే మాట. డబ్బు కట్టి లైసెన్సు కొనాల్సిన తెలుగు ఫాంట్లను కాపీ కొట్టి వాడుతున్న డీటీపీ సెంటర్లు ఎన్నో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ అవసరం ఇప్పుడు పెద్దగా లేదు కదా. మండలి, రామభద్ర, తిమ్మన, పెద్దన, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాటి లైసెన్సు వ్యాపార పనులకూ ఒప్పుకుంటుంది. మా కొత్త లేబుల్ మీద పేరు రామభద్రతోనే మొదలుపెట్టి, ‘మ్మ’ ఒత్తును చేత్తో తిరగరాయించాం.

ఆ రోలు సంగతి చివరికి ఇలా తేలింది. మా పెరట్లో ఉన్న రోలును, అంచున చిన్న పగులుతో సహా, ఫోటో తీసి బెంగళూరు పంపాను. దాన్ని చూస్తూ ఆ అబ్బాయి మొదటినుంచి కొత్తగా గీశాడు. ఈసారి ఏడు వేలు తీసుకోమన్నాను. మొత్తం హక్కు, పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, ఎంత సొమ్ముకు ఇస్తున్నాడో వివరంగా రాసి సంతకం చేసి పంపాడు. పాత లోగోలో తన చేతి పని వరకు కూడా విడిగా రాసిచ్చాడు. అతని మీద నాకు ఏ కోపమూ లేదు. తెలియక జరిగింది.

ఇక్కడ మా వ్యాపారుల తప్పు కూడా ఒప్పుకోవాలి. లోగోకి ఐదు వందలు ఇస్తాం, అదీ సాయంత్రానికల్లా కావాలంటాం. “ఆ పెద్ద కంపెనీ బొమ్మలాగే చేసిపెట్టు బాబూ, రంగు కొంచెం మార్చు” అని అడిగేదీ మేమే. ఐదు వందలకి మీరు కట్టలోంచి తీయక ఏం చేస్తారు? హక్కులు రాసిచ్చే పనికి ధర ఎక్కువ ఉండాలి. రెండు ధరలు చెప్పండి, ఎందుకు రెండో చెప్పండి. కాగితంలో మీకు రక్షణ కూడా పెట్టుకోండి: మొత్తం సొమ్ము ముట్టాకే హక్కు మారుతుందని రాయండి. సగం డబ్బు ఎగ్గొట్టి లోగో వాడుకునే వ్యాపారులు ఎంతమందో నేను వింటూనే ఉన్నాను. ఆ ఒక్క వాక్యం ఉంటే వాళ్లను మీరు అడగగలరు.

హక్కులన్నీ రాసిచ్చేస్తే మా పేరు కూడా పోతుందేమో అని కొందరికి అనిపించవచ్చు. పోదు. 57వ సెక్షన్ ప్రకారం ఇది నేను గీశాను అని చెప్పుకునే హక్కు, రాసిచ్చాక కూడా, గీసినవారికే ఉంటుంది. నా చిన్నప్పుడు మా నాన్న షాపు బోర్డు రాసిన పెయింటరు మూలన చిన్న అక్షరాలతో తన పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అని రాసుకున్నాడు. బెజవాడ వన్‌టౌన్ బోర్డులన్నిటికీ మూలన ఒక సంతకం ఉండేది. ఆ సంతకం చూసే పక్క షాపువాళ్లు అతన్ని పిలిచేవారు. మీరు చేసిన పనిని మీ నమూనాల్లో చూపించుకోవడానికి అనుమతి కూడా అదే కాగితంలో రాయించుకోండి. ఏ వ్యాపారీ కాదనడు.

మరో విషయం. లేబుల్ మీద పేరు పక్కన సున్నా చుట్టిన ఆర్ గుర్తు. ప్రెస్సుల్లో దాన్ని అందం కోసం పెట్టేస్తున్నారు. మా పాత లేబుల్ మీద కూడా ఉండేది, ఎప్పుడు చేరిందో నేను గమనించనే లేదు. ఆ గుర్తుకు అర్థం ఈ పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ అయింది అని. కానిదాన్ని అయినట్టు చూపించడం 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం 107వ సెక్షన్ కింద తప్పు. ఆ తప్పు లేబుల్ వేసుకున్న మా మెడకు చుట్టుకుంటుంది. నోటీసు పంపిన రోజు అవతలి లాయర్ మొదట పట్టుకున్నది దీన్నే, నాకు తల కొట్టేసినట్టయింది. రిజిస్టర్ కాకముందు టీఎం అనే రెండు అక్షరాలు పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లేబుల్ ఫైలు తెరిచినప్పుడు, “అమ్మా, మీది రిజిస్టర్ అయిందా?” అని ఒక్క మాట అడగండి. ఆ ప్రశ్నతోనే చాలామందికి రిజిస్ట్రేషన్ అనేది ఒకటుందని తెలుస్తుంది.

నాకూ అలాగే తెలిసింది. బొమ్మ, ఫోటో, రాసిన మాట, కోడ్ – వీటిని కాపాడేది కాపీరైట్. అది పని పూర్తయిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. చేయిస్తే కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. పేరు అనే ఒకటి రెండు మాటలకు మాత్రం కాపీరైట్ వర్తించదు, దాన్ని కాపాడేది ట్రేడ్‌మార్క్. లోగోకి రెండూ ఉండొచ్చు: బొమ్మగా కాపీరైట్, గుర్తుగా ట్రేడ్‌మార్క్. వస్తువుల మీద వాడే బొమ్మను కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలంటే అలాంటి గుర్తు ట్రేడ్‌మార్కుల్లో లేదని ముందు అక్కడి రిజిస్ట్రార్ నుంచి సర్టిఫికెట్ తేవాలి. నేను ముందు పేరు పని చూసుకున్నాను.

మన రాష్ట్రానికి ట్రేడ్‌మార్క్ ఆఫీసు చెన్నై గిండీలో ఉంది. వెళ్లక్కర్లేదు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వస్తువులు, సేవలు అన్నిటినీ 45 క్లాసులుగా విడదీశారు. పచ్చళ్లు 29లో వస్తాయి. కారాలు, పొడులు, మసాలాలు 30లో. నాలాంటి వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. రెండు క్లాసులకు నేను 9,000 కట్టాను. ఒక దీపావళికి సీసాల మూతలకు నేను పెట్టే ఖర్చు అంతకంటే ఎక్కువ. పేరు తెలుగు లిపిలో ఇస్తే ఎలా పలకాలో, అర్థమేమిటో కూడా రాయాలి. పరీక్షించి రిపోర్టు ఇస్తారు, అభ్యంతరాలుంటే నెల రోజుల్లో జవాబు చెప్పాలి. మాకు అభ్యంతరం వచ్చింది, కొంచెం అలాంటి పేరే మరొకటి ముందే ఉందని. ఆ నెలంతా టెన్షనే. ఏడేళ్ల పార్సిల్ బిల్లులు, పాత లేబుళ్లు, ప్రెస్సు రసీదులు వెతికి తీసి, ఎప్పటినుంచి వాడుతున్నామో చూపించాం. ఒప్పుకుని ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటించారు. ప్రకటించాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇప్పుడు ఆ నాలుగు నెలల్లో ఉన్నాం. రిజిస్టర్ అయితే దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క, పదేళ్లు ఉంటుంది, పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోవచ్చు.

రిజిస్టర్ కాని పేరుకు రక్షణే లేదా అంటే ఉంది. ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణి చేస్తున్నారని కేసు వేయొచ్చు. అప్పుడు ఆ పేరుకు జనంలో ఎంత గుర్తింపు ఉందో, అవతలివాళ్ల వల్ల కొనేవారు ఎలా మోసపోతున్నారో అంతా మనమే నిరూపించాలి. ఇంట్లో పచ్చళ్లు చేసుకునే మనిషికి అది చిన్న పని కాదు. పేరు కొంచెం మార్చాం కదా అంటే సరిపోదని మాత్రం సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. అమృతధార అనే మందుకూ లక్ష్మణధార అనే మందుకూ మధ్య వచ్చిన తగువు అది. రెండు సీసాలు పక్కపక్కన పెట్టి అక్షరాలు పోల్చే మనిషి లెక్కలోకి రాడు, సామాన్య బుద్ధితో, లీలగా గుర్తున్న పేరుతో కొనడానికి వచ్చే మనిషి దృష్టితో చూడాలి అని చెప్పింది. మాగాయ బూజు పట్టిందని నాకు ఫోన్ చేసినావిడ అలాంటి మనిషే.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు పేరు కోసం కూడా మిమ్మల్నే సలహా అడుగుతారు. అప్పుడు దయచేసి ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందేమో వెతికి చూపించండి, అది అందరికీ ఉచితం. బొమ్మ గీయకముందే చేయాల్సిన పని అది. మా మిర్చి యార్డు చుట్టుపక్కల ఏ కారం ప్యాకెట్ చూసినా ‘గుంటూరు’ ఉంటుంది, ‘స్పెషల్’ ఉంటుంది, ‘ఘాటు’ ఉంటుంది. ఊరి పేరును, సరుకు గుణం చెప్పే మాటను ఒకరికి సొంతం చేయడానికి చట్టం మామూలుగా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. గుంటూరు సన్నం మిరపకు, మంగళగిరి చేనేతకు, కొండపల్లి బొమ్మకు ఉన్న భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతంలో ఆ పని చేసేవారందరిదీ. సొంతానికి కావాల్సింది సొంత మాట. మా అత్తగారి పేరు ఎందుకు మంచి పేరో నాకు ఈ గొడవలోనే అర్థమైంది.

వెబ్‌సైట్లు చేసేవారితో ఒక మాట. డొమైన్, అంటే సైటు చిరునామా, ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిల్‌తో తీసుకుంటే అది వాళ్లదే అవుతుంది. విజయవాడ వస్త్రలతలో చీరల వ్యాపారం చేసే నా చెల్లెలు వరసామెకు ఇదే జరిగింది. సైటు చేసినతను సులువుగా ఉంటుందని తన ఈమెయిల్‌తోనే తీశాడు. రెండేళ్లకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, రెన్యువల్ మెయిళ్లు అతను చూడలేదు. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో సైటు ఆగిపోయింది, గడువు దాటాక ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. డాట్ ఇన్ పేర్ల తగాదాలు తేల్చడానికి ప్రత్యేక పద్ధతి ఉంది, డాట్ కామ్‌కు వేరే ఉంది. కానీ వాటిలో గెలవాలన్నా ముందు ఆ పేరు మీద నీ హక్కేమిటో చూపించమంటారు. ఆమెకు ట్రేడ్‌మార్క్ లేదు. చేతనైతే కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల పేరుతో, వాళ్ల ఈమెయిల్‌తో, వాళ్ల కార్డుతో డొమైన్ తీయించండి. పావుగంట పని. హోస్టింగ్ పాస్‌వర్డులు కాగితం మీద రాసి కవరులో పెట్టి ఇవ్వండి.

మీ దగ్గర జీతానికి పనిచేసే పిల్లలుంటే సంతకం సంస్థ యజమాని చేయాలి. పని బయట ఫ్రీలాన్సర్‌కు ఇచ్చి ఉంటే ముందు అతని నుంచి మీరు రాయించుకుని, తర్వాత మాకు రాసివ్వాలి. మధ్యలో ఒక్క లంకె లేకపోయినా కాగితానికి విలువ ఉండదని లాయర్ గారు రెండుసార్లు చెప్పారు.

ఆ కాగితం నమూనా ఒకటి ఆయన చేత తెలుగులో రాయించాను, ఒకే పేజీ. ఏ బొమ్మ, ఏ సైటు, ఏయే హక్కులు, ఎంతకాలం, ఎక్కడెక్కడ, ఎంత సొమ్ము, ముట్టింది ఎప్పుడు, బయటినుంచి తెచ్చిన ముక్కలు ఏవి, వాటి లైసెన్సు ఏమిటి, గీసినవారి పేరు ఎలా వేయాలి, నమూనాల్లో చూపించుకోవచ్చా. కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. మీకు ఇబ్బందిగా అనిపించే వాక్యం ఉంటే మార్చండి. గవర్నర్‌పేటలో, అరండల్‌పేటలో మీరు నలుగురు కూర్చుని మీకు నచ్చిన నమూనా ఒకటి ఖాయం చేస్తే, నేనూ మా పక్క వీధి అప్పడాల వాళ్లూ, స్వీట్ల వాళ్లూ దాన్నే వాడతాం. మాట తీసుకునే రాస్తున్నాను.

అవతలి సీసాలు ఇంకా బజారులో ఉన్నాయి. పాత లోగోలో చెయ్యి బొమ్మకు ఇప్పుడు కాగితం ఉంది కాబట్టి దాని మీద కేసు వేస్తున్నాం. కాపీరైట్ కేసు నేను వ్యాపారం చేసే చోటే వేయొచ్చని చట్టంలో ఉండటం వల్ల వేరే ఊరు తిరగాల్సిన పని తప్పింది. దసరాకి కొత్త లేబుల్ వస్తుంది, పగులున్న మా రోలుతో. దాని వెనక కింది అంచున, బార్‌కోడ్ పక్కన, బెంగళూరులో ఉన్న ఆ అబ్బాయి పేరు చిన్న అక్షరాలతో వేయిస్తున్నాను. అతను వద్దన్నాడు, నేను వినలేదు.

నమస్కారాలతో,
ఒక పచ్చళ్ల వ్యాపారి
బ్రాడీపేట, గుంటూరు